సినిమా హాల్లో కామిక్ ఒపెరా: పిల్లల్ని తీసుకెళ్లొచ్చో లేదో ఎలా తేల్చుకోవాలి?

ఒపెరా అంటే పాటలతో నడిచే రంగస్థల నాటకం. ఆ ప్రదర్శనల్ని లైవ్‌గానో రికార్డ్ చేసో సినిమా హాళ్లలో కూడా చూపిస్తారు. పోస్టర్ మీద ‘కామిక్ ఒపెరా’ అని కనిపించగానే పిల్లలతో కలిసి హాయిగా నవ్వుకోవచ్చు అనిపిస్తుంది. ఆ మాటను నమ్మి టికెట్లు కొనేయకండి. 1875లో పారిస్‌లో మొదటిసారి ఆడిన ‘కార్మెన్’ కూడా ‘ఒపెరా కొమీక్’ రకమే. పాటల మధ్య మామూలు మాటలు ఉంటాయి కాబట్టి దానికి ఆ పేరు. కథ మాత్రం కత్తిపోటుతో ముగుస్తుంది. సంగీతకర్త మోత్సార్ట్ ‘డాన్ జొవాన్ని’ (1787)కి కూడా సరదా నాటకం అనే ముద్ర ఉంది. తెర లేచిన కాసేపటికే అందులో ఒక తండ్రి కూతురి కోసం కత్తి దూసి ప్రాణం పోగొట్టుకుంటాడు.

1. కథ చదవండి, పిల్లలు అడగబోయే ప్రశ్న వెతకండి

రెండు లైన్ల పరిచయం సరిపోదు. సీన్ల వారీగా రాసిన కథాసారం చదవాలి. మోత్సార్ట్‌దే ‘ఫిగరో పెళ్లి’ (1786) తీసుకోండి. ఫిగరో, సుజాన్నా ఒక దొర ఇంట్లో పనివాళ్లు, పెళ్లి చేసుకోబోతున్నారు. మొదట్లోనే ఫిగరో కొత్త మంచం కోసం నేల కొలుస్తూ ‘ఐదు, పది, ఇరవై’ అని లెక్కపెడుతుంటాడు. పక్కన సుజాన్నా తన కొత్త టోపీ చూడమని పోరుతుంటుంది. ఇక్కడ ఆరేళ్ల పిల్లలు కూడా నవ్వుతారు. తర్వాత ఫిగరో దొర తమకిచ్చిన ఆ గది ఎంత వీలుగా ఉందో చెబుతాడు: అమ్మగారు డింగ్ డింగ్‌మని గంట కొడితే నువ్వు రెండడుగుల్లో అక్కడుంటావు, దొరగారు డాంగ్ డాంగ్‌మంటే నేను మూడు గంతుల్లో వెళ్తాను. సుజాన్నా అవే గంటల చప్పుళ్లతో తిప్పికొడుతుంది: దొర నిన్ను మూడు మైళ్ల దూరం పంపేసి నా గుమ్మం ముందు ప్రత్యక్షమైతే?

చిన్నవాళ్లకు ఇది గంటల ఆట. పదేళ్ల పిల్ల మాత్రం ‘దొర ఎందుకొస్తాడు?’ అని అడుగుతుంది. దానికి మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి. ‘తన దగ్గర పనిచేసే అమ్మాయి కాదనలేదని ఆయన ధీమా. ఆమె ఎలా బుద్ధి చెబుతుందో చూద్దాం’ అంటే చాలు. ఆ మాత్రం కూడా చెప్పలేమనిపిస్తే ఆ ఒపెరా మరో రెండేళ్లు ఆగొచ్చు.

2. ఏ ప్రొడక్షనో చూడండి

సంగీతం అదే, పాటలు అవే. డైరెక్టర్ మారితే మొత్తం మారిపోతుంది. ఒకరు పాతకాలపు గౌన్లతో పద్ధతిగా నడిపిస్తారు, ఇంకొకరు అదే కథలో తుపాకులు, రక్తం, బట్టలు విప్పడం పెడతారు. పైగా మీరు చూసేది సినిమా తెర మీద. ఒపెరా హౌస్‌లో పై బాల్కనీ నుంచి గోరంత కనిపించే ముద్దు, హాల్లో క్లోజప్‌లో గోడంత అవుతుంది. అందుకే ఫలానా ప్రొడక్షన్ ట్రైలర్, ఫొటోలు, ఒపెరా సంస్థ పెట్టిన హెచ్చరిక చూడండి. వేరే ఏడాది, వేరే నగరంలో ఆడినదాని గురించి ఎవరో రాసింది పనికిరాదు. లైవ్ ప్రసారమైతే ప్రదర్శన ఇంకా జరగనే లేదు, ముందే చూసి వయసు రేటింగ్ ఇచ్చేవాళ్లుండరు. రికార్డ్ చేసినదానికి రేటింగ్ ఉన్నా, పిల్లలు విసుగెత్తిపోతారో లేదో అది చెప్పదు.

3. సబ్‌టైటిల్స్ పరీక్ష పెట్టండి

నా లెక్కలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ముద్దుల గురించి టెన్షన్ పడతాం గానీ, వాళ్లు చదవగలరా అని ఆలోచించం. ఇంట్లో పరభాషలో పది నిమిషాల క్లిప్ పెట్టి, ఏం జరిగిందో చెప్పమనండి. చెప్పలేకపోతే తెలిసిన భాషలో పాడేదే వెతకండి.

తెలిసిన భాషైనా జోకు అర్థం కావాలి కదా. రచయిత గిల్బర్ట్, సంగీతకర్త సలివన్‌ల ఇంగ్లిష్ ఒపెరా ‘పైరేట్స్ ఆఫ్ పెన్జాన్స్’ (1879)లో ఫ్రెడరిక్ అనే కుర్రాడు ఒప్పందం ప్రకారం తన 21వ పుట్టినరోజు దాకా సముద్రపు దొంగల దగ్గర ఉండాలి. అతను పుట్టింది ఫిబ్రవరి 29న! 21 ఏళ్లు నిండినా వచ్చిన పుట్టినరోజులు ఐదే. లీపు సంవత్సరం అంటే తెలిసిన పిల్లలు పగలబడి నవ్వుతారు, తెలియనివాళ్లు మీ ముఖం చూస్తారు.

4. నిడివి

‘ఫిగరో పెళ్లి’ ఇంటర్వెల్‌తో మూడు గంటలు దాటుతుంది. సంగీతకర్త పుచ్చీని ‘జాన్ని స్కిక్కి’ గంటలోపే అయిపోతుంది. చచ్చిపోయినవాడి మంచంలో పడుకుని, తానే ఆ మనిషినన్నట్టు నటించి దొంగ వీలునామా రాయించే కథ, ఎనిమిదేళ్లు దాటినవాళ్లు భలే ఎంజాయ్ చేస్తారు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా 2006 డిసెంబర్ 30న థియేటర్లకు పంపిన మొదటి లైవ్ షో, ఇంగ్లిష్‌లో కుదించిన ‘మ్యాజిక్ ఫ్లూట్’. ఏడేళ్లలోపు పిల్లలకు ఇలాంటి కుదించినవే నయం. సంగీతకర్త రోస్సీనీ ‘బార్బర్ ఆఫ్ సెవిల్’కు తొమ్మిదేళ్లు, ‘ఫిగరో’కు పన్నెండు, ‘డాన్ జొవాన్ని’కి పదిహేను అంటాను. మీ పిల్లలు మీకే తెలుసు.

5. వెళ్లే రోజు

ఇంటర్వెల్ దాకానే కథ చెప్పండి. నడవా పక్క సీట్లు తీసుకోండి. ఇంటర్వెల్‌లో ‘తర్వాత ఏమవుతుంది?’ అని అడిగితే ఉండండి. ‘ఇంకా ఎంతసేపు?’ అని అడిగితే లేచి బయల్దేరండి, మిగతా కథ దారిలో మీరే చెప్పేయొచ్చు.