చెక్కతో ల్యాప్‌టాప్ స్టాండు – మూడో పాఠం: గాడులు కోయడం

రెండో పాఠం అయ్యేసరికి మీ దగ్గర అయిదు ముక్కలు ఉండాలి. రెండు పక్క చెక్కలు: కింది అంచు 240 మి.మీ., ముందు ఎత్తు 90, వెనక ఎత్తు 150. మూడు పట్టీలు: ఒక్కోటి 260 పొడవు, 60 వెడల్పు. అన్నీ ఒకటిన్నర అడుగు బై అడుగు 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలోంచి వచ్చినవే. 240 మి.మీ.లో 60 పైకి లేస్తుంది కాబట్టి వాలు 14 డిగ్రీలు. పదిహేనున్నర అంగుళాల ల్యాప్‌టాప్ పెడితే స్క్రీను పై అంచు బల్ల నుంచి సుమారు 38 సెం.మీ. ఎత్తుకు వస్తుంది. ఆ ఎత్తులో దాని కీబోర్డు మీద టైపు చేస్తే మణికట్టు నొప్పి తప్పదు. విడి కీబోర్డు, మౌసు ఉండాల్సిందే.

ముందు చిన్న పరీక్ష. పక్క చెక్కలు రెండింటినీ జతగా పట్టుకుని అంచులన్నీ వేలితో తడమండి. గోరుకు మెట్టు తగిలితే రెండింటినీ క్లాంపుతో కలిపి బిగించి, 80 నంబరు సాండ్ పేపరును చెక్క ముక్కకు చుట్టి ఒకేసారి రుద్దండి. 240 చదరంలో ఏటవాలుగా ఒక్క కోతతో రెండు పక్కలూ తీశాం కదా, రంపం కాస్త పక్కకు జరిగినా ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి అవుతుంది. విడివిడిగా అరగదీస్తే ఆ తేడా ఎప్పటికీ పోదు.

ఇక గాడులు. పట్టీలు రెండు అడ్డంగా వచ్చి పక్క చెక్కల్లో దూరతాయి. పట్టీకి పైనుంచి 30 మి.మీ. లోతు గాడి, పక్క చెక్కకు కిందినుంచి 30 మి.మీ. లోతు గాడి. ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. ఈ అమరికలో ల్యాప్‌టాప్ బరువు అతుకును బిగిస్తుందే తప్ప విప్పదు. మూడో పట్టీకి గాడి అక్కర్లేదు. అది ముందువైపు ల్యాప్‌టాప్ జారకుండా ఆపే అడ్డం, దాని సంగతి నాలుగో పాఠంలో.

గాడి వెడల్పు ఎంత? 12 మి.మీ. అని టేపు పెట్టి గీశారా, మొత్తం చెడినట్టే. 12 అని అమ్మే ప్లైవుడ్ చాలాసార్లు నిజంగా 12 ఉండదు, అర మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. పైగా విశాఖ గాలిలో తేమ ఏడాది పొడవునా ఎక్కువే. దుకాణంలో గోడకు నిలబెట్టిన ముక్కకీ, మీ ఇంట్లో రెండు రోజులు పడుకోబెట్టిన ముక్కకీ కూడా కొంచెం తేడా వస్తుంది. అందుకని రెండు రోజులు గదిలో పరిచి ఉంచిన తర్వాతే గీతలు గీయండి. లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ లాంటి సముద్రం పక్క ఇళ్లలో ఉన్నవాళ్లు ఇది మానకండి.

కాబట్టి టేపు పని గాడి ఎక్కడ అన్నది చెప్పడం వరకే. వెడల్పు చెక్కే చెప్పాలి. పట్టీ చివర నుంచి 24 మి.మీ. దగ్గర మూలమట్టం పెట్టి ఒక గీత గీయండి. ఆ గీతకు ఆనించి పక్క చెక్కను నిలువుగా నిలబెట్టి, దాని రెండో వైపు రెండో గీత గీయండి. అంతే, గాడి వెడల్పు వచ్చేసింది. రెండు పట్టీలకూ, రెండు చివర్లా ఇదే పని. పక్క చెక్కల మీద ముందు అంచు నుంచి 44 దగ్గర ఒకటి, వెనక అంచు నుంచి 44 దగ్గర ఒకటి గాడి మొదలవ్వాలి. ఈసారి పట్టీని నిలబెట్టి గీయాలి. ఏ గాడిలోకి ఏది దూరుతుందో రెండిటి మీదా ఒకే అంకె రాసుకోండి. మళ్లీ మళ్లీ విప్పి బిగించేటప్పుడు తికమక ఉండదు.

గీతలు పెన్సిల్‌తో మొదలుపెట్టినా, కోసే ముందు వాటి మీదే కట్టర్ బ్లేడుతో గట్టిగా గాటు పెట్టండి, రెండు వైపులా. ప్లైవుడ్ పై పొర పలచన. గాటు లేకుండా రంపం వేస్తే అవతలి వైపు పేడు లేచిపోతుంది, ఆ చోట పాలిష్ కూడా నిలవదు.

కోతకు సన్న పళ్ల రంపం కావాలి. లేకపోతే హ్యాక్సా బ్లేడు చాలు, కోత మిల్లీమీటరే పోతుంది. రంపం గాటు మీద కాదు, గాటుకు లోపలి వైపు, అంటే తీసెయ్యాల్సిన చెక్క వైపు నడవాలి. గీత మీదే కోస్తే రెండు వైపులా సగం సగం పోయి గాడి మిల్లీమీటరు ఎక్కువ వెడల్పయి కూర్చుంటుంది. మొదటిసారి చేసేవాళ్లలో చాలామంది పొరపాటు ఇక్కడే.

రంపానికి ముందు ఇంకో పని ఉంది. గాడి అడుగున 10 మి.మీ. బిట్‌తో బెజ్జం వేయండి. బెజ్జం నడిమధ్య అంచు నుంచి 25 మి.మీ. లోపల ఉంటే దాని అడుగు సరిగ్గా 30 దగ్గర ఆగుతుంది. కింద పనికిరాని చెక్క పెట్టి డ్రిల్లు వేస్తే అవతలి పొర చిట్లదు. తర్వాత రెండు పక్కలా బెజ్జం దాకా కోస్తే మధ్య ముక్క ఊడి వస్తుంది. అడుగున మిగిలిన గుండ్రటి మూలల్ని ఉలితో సగం ఒక వైపు నుంచి, సగం రెండో వైపు నుంచి తీయండి. ఒకే వైపు నుంచి సుత్తితో దంచితే అవతల పొర ఊడుతుంది.

లోతు దగ్గర ఒక కిటుకు. 30 కంటే అర మిల్లీమీటరు ఎక్కువ పోనివ్వండి. గాడి లోతు చాలకపోతే పట్టీ కిందికి పొడుచుకొస్తుంది, స్టాండు దాని మీద నిలబడి ఊగుతుంది. లోతు ఎక్కువైతే పట్టీ బల్లకు పైన తేలుతుంది, దానివల్ల నష్టం లేదు.

ఇప్పుడు జిగురు లేకుండా అమర్చి చూడండి. అరచేత్తో ఒత్తితే దిగాలి, సుత్తి అడగకూడదు. గట్టిగా పట్టుకుంటే తీసి చూడండి. గాడి లోపల నున్నగా మెరిసే చోటే అడ్డం పడుతోంది. అక్కడే ఆకురాయితో రెండు మూడు సార్లు లాగి మళ్లీ పెట్టండి. గాడి మొత్తం రుద్దారో, వదులైపోతుంది. వదులైతే ఫెవికాల్ పూడుస్తుందిలే అనుకోవద్దు. ఆ జిగురు దగ్గరగా ఆనిన చెక్కల్ని పట్టుకుంటుంది గానీ సందుల్ని నింపదు. పలచటి చెక్క పేడు ఒకటి జిగురుతో గాడి గోడకు అతికించి, ఆరాక మళ్లీ సరిచేయడమే దారి.

కొందరు ప్లైవుడ్ వద్దని టేకు పలక తెస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఈ నమూనాకు పనికిరాదు. గాడికి బయట మిగిలే 24 మి.మీ. కొమ్ము టేకులో నార వెంట విరుగుతుంది. ప్లైవుడ్‌లో పొరలు అడ్డం నిలువుగా అతికి ఉంటాయి కాబట్టి ఆ బెడద లేదు. ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో ఒత్తి చేసే పలక) అయితే అసలు ముట్టుకోవద్దు, మన తేమకు అంచులు ఉబ్బిపోతాయి.

అమర్చిన స్టాండును వంటగట్టు గ్రానైటు మీద పెట్టండి. ఇంట్లో అంతకంటే చదునైన చోటు దొరకదు. ఎదురెదురు మూలలు ఒత్తి చూడండి. ఊగితే ముందు మూలమట్టం తప్పిందేమో చూసుకోవాలి: ఎడమ చెక్క ముందు మూల నుంచి కుడి చెక్క వెనక మూలకూ, కుడి ముందు నుంచి ఎడమ వెనకకూ కొలవండి. మిల్లీమీటరుకు మించి తేడా ఉంటే గాడి వంకర, చేత్తో కొంచెం తోసి సరిచేయొచ్చు. కొలతలు సమానంగా ఉండి కూడా ఊగితే చెక్క అడుగు ఎగుడుదిగుడు. 120 నంబరు సాండ్ పేపరు నాలుగు షీట్లు గట్టు మీద టేపుతో అంటించి, స్టాండును దాని మీద ముందుకూ వెనక్కీ నడపండి.

ఈ రోజుకు జిగురు వేయకండి. విప్పి పరిచి ఉంచండి. నాలుగో పాఠానికి కావలసినవి: ఫెవికాల్ మెరైన్ చిన్న డబ్బా, 220 నంబరు సాండ్ పేపరు రెండు షీట్లు, ముందు పట్టీకి నాలుగు స్క్రూలు, ఒకటిం పావు అంగుళానివి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో తీసుకోండి. ఇనుపవి ఉప్పుగాలికి తుప్పుపట్టి, పాలిష్ చేసిన చెక్క మీద గోధుమరంగు మరకలు దించుతాయి.