నాన్నగారి మారుతి 800 మనమే బాగుచేసుకుందాం – 3వ పాఠం: హీటెక్కే బండి

మొదటి పాఠంలో ఆర్సీ మన పేరు మీదకి మార్చుకోవడం, ఫామ్ 31 (యజమాని పోయాక వారసుల పేరుకి మార్చే ఫారం), ఆర్టీఓ ఆఫీసు, ఆ గోలంతా అయిపోయింది. రెండోదాంట్లో బ్రేకులు చూశాం. ఇప్పుడు కార్బురేటర్ (పెట్రోల్‌లో గాలి కలిపి ఇంజన్‌కి పంపేది) అని చాలామంది అనుకుంటారు, బండి కుదుపుకుంటా పోతుంటే మన కళ్ళకి ముందు అదే కదా కనపడేది. కానీ చేతిలో డబ్బులు తక్కువున్నప్పుడు వరస ముఖ్యం అండి. కార్బురేటర్ బాగోకపోతే మైలేజ్ పోద్ది, సిగ్నల్ దగ్గర ఆగిపోయి వెనకోడు హారన్ కొడతాడు, అంతకుమించి ఏం కాదు. అదే బండి ఒక్కసారి గట్టిగా హీటెక్కిందనుకోండి, హెడ్ (ఇంజన్ పైభాగం) అల్యూమినియంది కాబట్టి వంకరపోద్ది, హెడ్ గ్యాస్కెట్ (దాని కింద ఉండే సీల్) పోద్ది, మనం ఏడాదంతా దాచుకున్న రిపేరు డబ్బులు ఒక్క మధ్యాహ్నంలో అయిపోతాయి. అందుకే ముందు ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళ సంగతి, తర్వాతే పెట్రోల్ సంగతి.

నేను చెప్పేది కార్బురేటర్ ఉన్న పాత 800 గురించి, 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్. ఎంపీఎఫ్‌ఐ బండి (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ కొట్టేది) ఉన్నోళ్ళకి కూడా ఇందులో చాలావరకు పనికొస్తది.

ముందే పానా పట్టుకోకండి. బండి ఎప్పుడు హీటెక్కుతుందో చూడండి, సగం జవాబు అక్కడే ఉంటది. ఊళ్ళో ట్రాఫిక్‌లో టెంపరేచర్ మీటర్ ముల్లు పైకి పోయి, హైవే ఎక్కగానే కిందకి దిగుతుంటే అది దాదాపుగా ఫ్యానే, ఎందుకంటే స్పీడ్‌లో గాలి దానంతటదే రేడియేటర్ (ఇంజన్ నీళ్ళని చల్లార్చే జాలీ)లోంచి పోద్ది, నిలబడ్డప్పుడే ఫ్యాన్ అవసరం. దీనికి రివర్స్‌లో, ఊళ్ళో బానే ఉండి హైవే మీద ఎనభైలో పోతుంటే ఎక్కుతుంటే రేడియేటర్ లోపల పూడుకుపోయిందని అనుమానించాలి. స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే ముల్లు పైకి పోతే నీళ్ళన్నా లేవు, లేదా థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్ళని రేడియేటర్‌కి వదిలే చిన్న వాల్వ్) మూసుకుపోయి తెరుచుకోవట్లేదు, అప్పుడు రేడియేటర్ పై గొట్టం, కింద గొట్టం రెండూ చల్లగానే ఉండి ఇంజన్ మాత్రం కాలిపోతుంటది. ఒక వారం ఇలా చూసి నోట్‌బుక్‌లో రాయండి, మెకానిక్ దగ్గరకి పోవాల్సొచ్చినా "హీటెక్కుతుందన్నా" అని ఊరుకోకుండా ఎక్కడ, ఎప్పుడు అనేది చెప్పగలిగితే ఆయన కూడా అడ్డదిడ్డంగా పార్టులు మార్చడు.

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తియ్యొద్దు. తడిగుడ్డ వేసి తీస్తా, మెల్లగా తీస్తా అనొద్దు, తియ్యొద్దంతే. ఆ మూత మీద 0.9 అని ఉంటది చూడండి, లోపల అంత ప్రెషర్ పట్టి ఉంచుతది, ఆ ప్రెషర్ వల్లే నీళ్ళు 100 డిగ్రీలకి మరక్కుండా 118 దాకా ఓర్చుకుంటాయి. మీరు మూత తీసిన క్షణంలో ప్రెషర్ పోయి అవన్నీ ఒక్కసారే మరిగి మొహం మీదకి వస్తాయి. ఇంకో సంగతి, మూత కింద రబ్బరు గట్టిపడిపోయినా, స్ప్రింగ్ పట్టు పోయినా ఆ ప్రెషర్ నిలవదు, బండి ఊరికే మరుగుద్ది. తక్కువలో వచ్చే మూత ఇది, పాత బండికి ఏ టెస్టూ లేకుండా కొత్తది వేసెయ్యండి. 0.9 ఉన్నదే అడగండి, షాపోడు "ఏదైనా ఒకటే సార్" అంటే పక్క షాపుకి పోండి.

చల్లారాక, తెల్లారగట్ల అయితే మంచిది, మూత తీసి లోపల వేలు పెట్టి చూడండి. ఆకుపచ్చగానో ఎర్రగానో ఉంటే ఎవరో కూలెంట్ (నీళ్ళలో కలిపి పోసే, తుప్పు పట్టనివ్వని ద్రవం) పోశారు. తుప్పు రంగులో ఉండి వేలికి ఇసకలాగా తగిలితే ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోశారని అర్థం. మన ఊళ్ళల్లో బోరు నీళ్ళ సంగతి చెప్పేదేముంది, బకెట్లకి, గీజర్ కాయిల్‌కి తెల్లగా ఎలా పేరుకుంటదో చూస్తానే ఉంటాం, ఆ ఉప్పే రేడియేటర్ సన్నటి ట్యూబుల్లో కూడా పేరుకుంటది. ఇంకా పసుపు. నవ్వకండి, లారీ డ్రైవర్ల దగ్గర ఇది ఎప్పటి నుంచో ఉన్న చిట్కా, రేడియేటర్ కారుతుంటే గుప్పెడు పసుపు వేస్తే చిల్లు దగ్గర ముద్దయి ఆగుద్ది. నిజంగానే ఆగుద్ది. రాత్రిపూట అడవి రోడ్డులో ఇల్లు చేరడానికి వేసుకుంటే తప్పులేదు, కానీ ఆ ముద్ద చిల్లు దగ్గరే ఉండదు కదా, మంచి ట్యూబుల్ని కూడా మూస్తది. షాపుల్లో అమ్మే లీక్ ఆపే పౌడర్లు కూడా నా దృష్టిలో ఇదే జాతి.

ఇప్పుడు థర్మోస్టాట్. ఈ ఒక్కదాని గురించి మెకానిక్‌తో గొడవ పడాల్సొచ్చినా పడండి. హీటింగ్ అని బండి తీసుకెళ్తే చాలా చోట్ల మొదట చేసే పని దాన్ని పీకి పారెయ్యడం, "మన ఎండలకి ఇది అక్కర్లేదు సార్" అంటారు. కొన్నాళ్ళు హాయిగానే ఉంటది. కానీ ఇంజన్ త్వరగా వేడెక్కదు, చలికాలం పొద్దున్నే చోక్ లాగి లాగి నడపాలి, పెట్రోల్ ఎక్కువ తాగుద్ది, అసలు రోగం మాత్రం లోపలే ఉండిపోద్ది. మీ బండిలో అది ఉందో లేదో ముందు చూడండి, వారసత్వంగా వచ్చిన బండ్లలో లేకపోవడమే ఎక్కువ. పై గొట్టం ఇంజన్‌ని కలిసే చోట రెండు బోల్టుల మూత ఉంటది, దాని కిందే. ఆ బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి, ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలెయ్యండి, తెల్లారి ఒకసారి బిగించి ఒకసారి వదిలించి అలా మెల్లగా తియ్యండి. అల్యూమినియంలో బోల్టు తెగిందంటే ఈ పాఠం మొత్తం ఖర్చు కంటే దాన్ని తీయించే ఖర్చు ఎక్కువ.

తీశాక టెస్ట్ వంటింట్లోనే, కాకపోతే మళ్ళీ వంటకి వాడని పాత గిన్నె తీసుకోండి. నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌కి దారం కట్టి అడుగుకి తగలకుండా వేలాడదీసి స్టవ్ వెలిగించండి. దాని మీద 82 అనో 88 అనో కొట్టి ఉంటది, అది తెరుచుకోవడం మొదలుపెట్టే డిగ్రీ. నీళ్ళు మరగడానికి కాస్త ముందే మధ్యలో పళ్ళెం మెల్లగా కిందకి జరగడం కనపడాలి, స్టవ్ ఆపితే మళ్ళీ మూసుకోవాలి. మరిగినా కదలకపోతే పారెయ్యండి, చల్లగా ఉన్నప్పుడే తెరుచుకుని ఉన్నా పారెయ్యండి. కొత్తది బిగించేటప్పుడు అంచున చిన్న బెజ్జంలో ఊగులాడే పిన్ను ఒకటి ఉంటే అది పైకి ఉండాలి, లోపల చిక్కుకున్న గాలి దాంట్లోంచే పోద్ది. పాత కాగితం గ్యాస్కెట్ అంతా గీకేసి కొత్తది వెయ్యండి.

ఫ్యాన్ టెస్ట్ తేలిక. ఇగ్నిషన్ తాళం తీసేసి, ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, బ్యాటరీ నుంచి రెండు వైర్లు నేరుగా ఇవ్వండి, చెయ్యి, వైరు రెక్కలకి దూరంగా. తిరిగితే మోటారు మంచిదే, ఫ్యూజు, రిలే, టెంపరేచర్ స్విచ్ వీటిల్లో ఏదో పోయింది. తిరక్కపోతే మోటారే. ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది, ఎప్పుడో ఎవరో మోటారు మార్చి వైర్లు తారుమారు చేసి కలిపితే ఫ్యాన్ తిరుగుద్ది గానీ ఉల్టా తిరుగుద్ది, గాలి లోపలికి లాగాల్సింది బయటకి తోస్తది, హైవేలో అయితే ఎదురొచ్చే గాలితో కొట్లాట. అందుకే మళ్ళీ కనెక్టర్ పెట్టేసి, ఇంజన్ వేడెక్కి ఫ్యాన్ దానంతటది తిరిగేటప్పుడు రేడియేటర్ ముందు వైపు ఒక పేపర్ ముక్క పెట్టండి. అతుక్కుంటే సరే, ఎగిరిపోతే వైర్లు మార్చి కలపండి, పైసా ఖర్చు లేదు.

గొట్టాలు చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడండి, గట్టిగా పెళుసుగా ఉన్నా, క్లిప్ దగ్గర ఉబ్బినా మార్చాలి. ఫ్యాన్ బెల్ట్ (పేరుకే ఫ్యాన్, తిప్పేది వాటర్ పంప్‌ని) లోపలి వైపు పగుళ్ళుంటే అదీ అంతే. వాటర్ పంప్ కింద చిన్న రంధ్రంలోంచి కారుతుంటే పంప్ సీల్ పోయినట్టు, ఈ పని మాత్రం మెకానిక్‌కి ఇవ్వండి, టైమింగ్ బెల్ట్ (ఇంజన్ వాల్వుల్ని నడిపేది) ఎప్పుడు మార్చారో మీకు తెలీకపోతే అదీ ఆ రోజే మార్పించండి.

ఇక నీళ్ళు మార్చడం. కింద గొట్టం ఊడదీసి పాత నీళ్ళు బకెట్లోకి పట్టండి, కాలవలోకి వదలకండి, కూలెంట్ తియ్యగా ఉంటది, కుక్కలు తాగి చచ్చిపోతాయి, పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త. మంచినీళ్ళు పోసి, పై గొట్టం వేడెక్కేదాకా ఇంజన్ తిప్పి, చల్లారాక మళ్ళీ వదలండి, తేటగా వచ్చేదాకా ఇలాగే. తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పొయ్యండి, మొత్తం మూడు నాలుగు లీటర్ల మధ్య పడుద్ది. డబ్బా మీద రెడీ టు యూజ్ అని ఉంటే నీళ్ళు కలపక్కర్లేదు, ఇది చూడకుండా కలిపేసేవాళ్ళే ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు తీసిన రేడియేటర్ మూత అలాగే తీసే ఉంచి స్టార్ట్ చేసి, పై గొట్టం నొక్కుతా వదుల్తా ఉంటే గాలి బుడగలు వస్తాయి, తగ్గినంత పోస్తా ఉండండి.

కాసేపటికి ఆ బుడగలు ఆగాలి. ఎంతకీ ఆగకుండా వస్తూనే ఉంటే, పైపెచ్చు ఆయిల్ పోసే మూత అడుగున పాలు ఎక్కువైన టీ రంగులో నురగ ఉంటే, హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే. నురగ ఒక్కటే చూసి కంగారు పడకండి, వానాకాలంలో దగ్గర దగ్గర తిరిగే బండికి తేమకి కూడా కొంచెం వస్తది. బుడగలు, నురగ, కూలెంట్ రోజూ తగ్గడం, ఇవి కలిస్తేనే. అప్పుడు హెడ్ దించినోడితో "లేత్‌లో వంకర చూపించావా, ఫేసింగ్ చేయించావా" (అంటే హెడ్ అడుగు సాపు చేయించావా) అని అడగండి, చేయించకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే డబ్బులు బూడిదలో పోసినట్టే.

800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది గానీ పార్టులకి భయం లేదు. ఇంజన్ మీద ఉండే వాటికి ఓమ్నీది కూడా అడగండి, అదీ 796 సీసీనే, 2019 దాకా వచ్చింది. రేడియేటర్, గొట్టాలు మాత్రం ఓమ్నీవి పట్టవు, దాని ఇంజన్ సీటు కింద ఉంటది. హైదరాబాద్‌లో అయితే పుత్లీబౌలి, విజయవాడలో ఆటోనగర్, పాత పార్టు చేతిలో పట్టుకునే పోండి. రేడియేటర్ మరీ పూడుకుపోయి పాత ఇత్తడిది అయితే లారీల షెడ్ల దగ్గర విప్పి, ట్యూబుల్లో రాడ్ దోపి పూడిక తీసి మళ్ళీ అతికేవాళ్ళు ఉంటారు, కొత్తదానికంటే చాలా తక్కువలో అయిపోద్ది. అల్యూమినియం, ప్లాస్టిక్ ట్యాంకుది అయితే ఆ పని కుదరదు, కొత్తదే.

ఈలోపు మీ పని: రోజూ పొద్దున్నే రిజర్వాయర్ డబ్బాలో (రేడియేటర్‌కి గొట్టంతో కలిసి ఉండే కూలెంట్ ప్లాస్టిక్ డబ్బా) లెవెల్ ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టి తేదీ రాయండి, వచ్చే పాఠం దాకా. ఆ గీతలు కిందకి దిగుతా పోతుంటే కార్బురేటర్ జోలికి రాకుండా మళ్ళీ ఈ పాఠమే చెయ్యండి. దిగకపోతే కార్బురేటర్ క్లీనర్ డబ్బా ఒకటి, కొత్త పెట్రోల్ ఫిల్టర్, పాత టూత్ బ్రష్, ఒక తెల్ల పళ్ళెం రెడీగా పెట్టుకోండి, జెట్లు (కార్బురేటర్‌లో పెట్రోల్ పోయే సన్నటి బెజ్జాల ముక్కలు) కింద పడితే దొరకవు.