బిగుసుకుపోయే తాళానికి పెన్సిల్ పొడి

వానాకాలం వచ్చిందంటే మా గేటు తాళంలో తాళంచెవి సగం వరకు వెళ్లి ఆగిపోయేది. కొబ్బరినూనె వేస్తే రెండు రోజులు బాగానే తిరిగి, ఆ తరువాత దుమ్ము పట్టి మునుపటికంటే ఎక్కువగా బిగుసుకునేది.

నూనెకు బదులు పెన్సిల్ వాడి చూడండి. 4బి లేదా 6బి పెన్సిల్‌తో తాళంచెవి రెండు వైపులా, ముఖ్యంగా పళ్ల మధ్య గాట్లలో, నల్లగా మెరిసేదాకా రుద్ది, తాళంలో పెట్టి నెమ్మదిగా బయటకు తీయాలి. ఇలా నాలుగైదు సార్లు చేశాక తాళాన్ని పదిసార్లు తిప్పి, తాళంచెవిని పొడిగుడ్డతో తుడవాలి. పిల్లలు రాసుకునే హెచ్‌బి పెన్సిల్‌లో బంకమట్టి పాలు ఎక్కువ కనుక మెత్తని బి రకాలే మేలు.

పెన్సిల్ ముల్లులో ఉండేది సీసం కాదు, గ్రాఫైట్. అందులో కార్బన్ పరమాణువులు షట్కోణాలుగా అల్లుకొని పొరలుగా పేరుకొని ఉంటాయి. పొరకూ పొరకూ మధ్య 0.335 నానోమీటర్ల ఎడం, బలహీనమైన ఆకర్షణ మాత్రమే ఉండటంవల్ల అవి ఒకదానిపై ఒకటి సులువుగా జారతాయి. అదే కార్బన్ వజ్రంలో ప్రతి పరమాణువూ మరో నాలుగింటితో గట్టిగా ముడిపడి ఉంటుంది కాబట్టి వజ్రపు పొడి లోహాన్ని అరగదీస్తుంది.

ఇదివరకే నూనె వేసిన తాళంలో ఈ పొడి ముద్దకట్టి పని చెడగొడుతుంది. ముందుగా కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. గ్రాఫైట్ గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది కనుక స్విచ్చులకు, ఎలక్ట్రానిక్ తాళాలకు దీన్ని అసలు వాడకూడదు.