వానాకాలపు కొండదారుల్లో ఫొటోగ్రఫీ: లెన్స్ ఎంచుకునే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

జూన్‌లో నైరుతి రుతుపవనాలు ప్రవేశించినప్పటి నుంచి సెప్టెంబరు చివరి వరకు కుంటాల, బొగత జలపాతాలు నిండుగా దూకుతాయి, వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవి పచ్చబడుతుంది, అరకు కొండల మీదికి మబ్బులు దిగుతాయి. కెమెరా ఉన్నవారెవరికీ ఇంట్లో ఉండబుద్ధి కాని ఈ కాలమే లెన్స్‌లు ఎక్కువగా పాడయ్యే కాలం కూడా. అందుకే సంచి సర్దేటప్పుడు ఏ లెన్స్‌తో ఫొటో బాగా వస్తుందన్న ప్రశ్న కంటే ముందు, దారిలో విప్పవలసిన అవసరం రాని లెన్స్ ఏదన్న ప్రశ్న వేసుకోవాలి.

ముసురులోనో, జలపాతపు తుంపరలోనో లెన్స్ మార్చడమంటే కెమెరా లోపల వెలుతురును చిత్రంగా పట్టే సెన్సర్‌ను తడిగాలికి అప్పగించడమే. కనుక ఒకే జూమ్ లెన్స్‌తో బయలుదేరడం మేలు. పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 24-105 లేదా 24-120 మి.మీ., చిన్న సెన్సర్ కెమెరాకు 18-135 మి.మీ. దాదాపు అన్ని అవసరాలనూ తీరుస్తాయి. ఎఫ్ పక్కన అంకె పెరిగే కొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది కనుక ఎఫ్/4 లెన్స్‌తో చెట్ల నీడలో వెలుతురు చాలదని కొందరు సందేహిస్తారు గాని, ఎఫ్/2.8తో పోలిస్తే తగ్గేది ఒక్క స్టాప్, అంటే వెలుతురులో సగం, మాత్రమే. వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి అయిన ఐఎస్ఓను 1600 నుంచి 3200కు పెంచితే ఆ లోటు తీరిపోతుంది. జూమ్ లేని 50 మి.మీ. ప్రైమ్ లెన్స్ తేలికైనదే, వెలుతురునూ బాగా పట్టుకుంటుంది. అయితే దానితో ఫ్రేమ్ కుదరాలంటే ముందుకూ వెనక్కూ నడవాలి, నాచు పట్టిన బండల మీద ఆ నడకే ప్రమాదం.

నీరు, దుమ్ము చొరబడకుండా ఆపే వెదర్ సీలింగ్ ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి. లెన్స్ వెనుక, కెమెరాకు బిగించే లోహపు వలయం అంచున సన్నని రబ్బరు పట్టీ కనిపిస్తే కనీసం ఆ సందులోంచి నీరు సులువుగా దిగదు. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్‌లలో చాలావాటికి ఈ పట్టీ ఉండదు. పైగా కెమెరా బాడీకి కూడా సీలింగ్ లేకపోతే లెన్స్‌కు ఒక్కదానికే ఉండి ప్రయోజనం లేదు. కెనాన్ 16-35 ఎఫ్/4 వంటి కొన్ని లెన్స్‌లకు ముందు ఫిల్టర్ బిగించినప్పుడే సీలింగ్ పూర్తవుతుంది. ఇవన్నీ ఉన్నా అది చినుకులను తట్టుకోవడానికే గాని జడివానలో తడవడానికి కాదు. జూమ్ చేసినప్పుడు గొట్టం బయటికి పొడుచుకు వచ్చే లెన్స్ అయితే, దాని మీది తడిని పొడిగుడ్డతో చుట్టూ తుడిచిన తరువాతే లోపలికి తిప్పాలి. లేకుంటే ఆ నీటిని మన చేతులతోనే లోపలికి లాగినట్టవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త, విశాలమైన దృశ్యాన్ని పట్టే వైడ్ యాంగిల్ లెన్స్ విషయంలో అవసరం. అందులో అన్నీ దూరంగా, చిన్నవిగా కనిపిస్తాయి కాబట్టి, జలపాతం ఫ్రేమ్ నిండా రావాలంటే మనిషి తెలియకుండానే ఇంకో అడుగు, మరో అడుగు ముందుకు వేస్తాడు. కళ్లు తెర మీద ఉంటాయి, కాళ్లు తడిబండ అంచుకు చేరుతాయి. దాని ముందు తొడిగే హుడ్ కూడా పొట్టిది కావడంతో తుంపర నేరుగా ముందరి గాజు మీద పడుతుంది, లెన్స్ రంధ్రం బాగా చిన్నదయ్యే ఎఫ్/16 దగ్గర ప్రతి చుక్కా ఫొటోలో మచ్చయి కూర్చుంటుంది. కడెం నది మీద దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే కుంటాల వంటి చోట, దూరపు దృశ్యాన్ని దగ్గరగా చూపే 70-200 లెన్స్‌తో దూరాన గట్టి నేల మీద నిలబడి తీసిన ఫొటో ఏ మాత్రం తీసిపోదు, పొడవైన హుడ్ చినుకులనూ ఆపుతుంది. అక్కడికి వెళ్తున్నట్టయితే రోజంతటికీ ఆ ఒక్క లెన్స్‌నే బిగించుకుని వెళ్లవచ్చు. మన నెత్తిన చినుకు లేకపోయినా ఎగువన కురిసిన వానకు ప్రవాహం ఉన్నట్టుండి పెరుగుతుంది కనుక, అటవీ సిబ్బంది గీసిన హద్దు దాటకూడదు. ఉరుములు వినిపిస్తే ట్రైపాడ్ మడిచి, ఎత్తైన చోటు వదిలి దిగిపోవాలి.

ఫిల్టర్లలో పోలరైజర్ ఒక్కటి చాలు. తడి ఆకుల మీది తెల్లని మెరుపును అది తీసేస్తుంది, ఒకటి రెండు స్టాప్‌ల వెలుతురునూ తగ్గిస్తుంది కాబట్టి మబ్బు పట్టిన రోజున నీటి ధారలను మెత్తగా చూపించడానికి వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేరే అవసరం తరచుగా రాదు.

ఏసీ కారులో చల్లబడిన లెన్స్‌ను ఒక్కసారిగా తేమగాలిలోకి తీస్తే గాజు మీద ఆవిరి పడుతుంది. ప్రయాణంలో కెమెరా సంచిని డిక్కీలో ఉంచడం మంచిది. అది కుదరకపోతే కెమెరాను జిప్ కవరులో మూసి, దిగిన తరువాత అరగంటసేపు అలాగే ఉంచి తీయాలి.

ఇంటికి చేరిన రాత్రి ఎంత అలసట ఉన్నా తడి సంచిలో లెన్స్‌ను వదిలేసి పడుకోకూడదు. గాలిలో తేమ 60 శాతానికి మించి రోజుల తరబడి ఉంటే గాజు మీద ఫంగస్ పుడుతుంది, అది పైపూతను తినేస్తే శుభ్రం చేసినా మరక మిగిలిపోతుంది. తుడిచి, ఫ్యాను గాలికి ఆరనిచ్చి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టాలి. డబ్బాలో చిన్న తేమమాపకం ఉంచితే 40-50 శాతం మధ్య ఉందో లేదో తెలుస్తుంది. బియ్యంలో పెట్టే అలవాటు మానుకోవాలి, ఆ పిండి దుమ్ము జూమ్ సందుల్లో చేరుతుంది. నారింజ రంగు సిలికా గుళికలు ఆకుపచ్చకు తిరిగితే తేమతో నిండినట్టు. వాటిని ఓవెన్‌లో సన్నని వేడి మీద మళ్లీ నారింజ రంగు వచ్చేదాకా ఆరబెట్టి, చల్లారాక డబ్బాలో పెట్టుకోవచ్చు.