నచ్చని అంకెను ముందు రాయండి

మనల్ని మనం మోసగించుకోవడానికి అబద్ధమాడనక్కర లేదు. నచ్చని సంగతిని కాగితం మీద పెట్టడం కాస్త ఆలస్యం చేస్తే చాలు, మిగతా పని మతిమరుపే చూసుకుంటుంది. తన సిద్ధాంతానికి అనుకూలమైన విషయాల కంటే వ్యతిరేకమైనవే త్వరగా మనసులోంచి జారిపోతున్నాయని గమనించి, అటువంటిది ఏది కనబడినా వెంటనే రాసిపెట్టుకోవడాన్ని ఏళ్ల తరబడి నియమంగా పాటించానని చార్లెస్ డార్విన్ 1876లో రాసిన ఆత్మకథలో చెప్పుకున్నారు.

నా షుగరు పుస్తకంలో 110, 115 వంటి అంకెలన్నీ తేదీలతో సహా ఉండేవి. పెళ్లి భోజనం మర్నాడు పరగడుపున మీటరు చూపిన 178 మాత్రం, "రాత్రి రెండు బొబ్బట్లు తిన్నాను కదా, ఇది లెక్కలోకి రాదు" అన్న సాకుతో పుస్తకానికి ఎక్కలేదు. తీరా మీటరులోని పాత రీడింగులు వెనక్కి తిప్పి చూస్తే, అలా లెక్కలోకి రానివి ఒక్క నెలలోనే తొమ్మిది తేలాయి (నెలకు తొమ్మిది పెళ్లిళ్లకు నన్నెవరూ పిలవరు). ఇప్పుడు అంకె కనబడగానే, వేలికి అద్దిన దూది తీయకముందే రాసేస్తున్నాను. పక్కనే సాకును కూడా రాస్తున్నాను, ఒకే సాకు వరుసగా నాలుగు వరుసల్లో కనబడితే దాన్ని నమ్మడం కష్టమవుతుంది. పెన్నును మీటరు పెట్టెలోనే ఉంచుకోండి.