వాషింగ్ మెషిన్ మరమ్మతు నేర్చుకుందాం – 4వ పాఠం: ఉతుకు మధ్యలో ఆగిపోతే

గత పాఠంలో మెషిన్‌లోకి నీళ్లు వచ్చే దారినీ బయటికి పోయే దారినీ బొమ్మ గీసుకున్నాం. ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి, అడుగడుగునా అవసరం పడుతుంది. ఈసారి మనం తీసుకున్నది ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టే సమస్య. మెషిన్ చక్కగానే మొదలవుతుంది, కాసేపు తిరుగుతుంది, ఆ తర్వాత ఎక్కడో ఒక చోట నిలిచిపోతుంది. ఇంకా 9 నిమిషాలని చూపిస్తుంది. అరగంట పోయాక చూసినా అవే 9 నిమిషాలు.

ఇలాంటప్పుడు చాలామంది నోట మొదట వచ్చే మాట ‘బోర్డు పోయింది’. బోర్డు అంటే మెషిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పలక. మధ్యలో ఆగే మెషిన్‌లో బోర్డును అన్నిటికంటే చివర అనుమానించాలని నేను గట్టిగా చెబుతాను. లోపల నడిచే ప్రోగ్రాం ప్రతి మెట్టు దగ్గరా ఒక షరతు పెట్టుకుంటుంది. నీళ్లు ఇంత ఎత్తుకు చేరాలి, తలుపు బిగిసినట్టు కబురు అందాలి, టబ్బు ఖాళీ కావాలి, బట్టల బరువు డ్రమ్ములో సమంగా పరుచుకోవాలి. అనుకున్న కబురు రాకపోతే ముందుకు కదలదు. అంటే బోర్డు సరిగ్గా పనిచేస్తోంది కనుకే చాలాసార్లు మెషిన్ ఆగుతుంది. అందుకే ఏ భాగం పాడైందా అని వెతికే ముందు, ఈ క్షణంలో ఇది దేనికోసం ఎదురుచూస్తోందో తేల్చుకోవాలి. ఈ పాఠంలో నేర్చుకోవలసిన విద్య అదే.

ఆగిన వెంటనే స్విచ్ తీసేయకండి. తీసేస్తే సాక్ష్యం పోతుంది. రెండు నిమిషాలు మెషిన్ పక్కన నిలబడి మూడు విషయాలు రాసుకోండి. టబ్బులో నీళ్లున్నాయా, లేవా? ఏ మూల నుంచి ఏ శబ్దం వస్తోంది: వెనక పైభాగం నుంచి సన్నని రొద, కింద నుంచి పంపు మోత, లేక పూర్తి నిశ్శబ్దమా? డ్రమ్ము కదలడానికి ప్రయత్నించి మానేస్తోందా? తెర మీద అక్షరాలు కనిపిస్తే వాటినీ రాసుకోండి. ఎల్‌జీ మెషిన్లలో ఐఈ అంటే నీళ్లు చాలినంత రాలేదని, ఓఈ అంటే నీళ్లు బయటికి పోలేదని, యూఈ అంటే బరువు ఒక పక్కకు చేరిందని, డీఈ అంటే తలుపు సరిగ్గా పడలేదని. ఒక్కో కంపెనీ అక్షరాలు ఒక్కోలా ఉంటాయి కాబట్టి మీ మెషిన్‌తో వచ్చిన పుస్తకం చూసుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తెర మీద కనిపించే నిమిషాలు గడియారం లాంటివి కావు, మెషిన్ వేసుకున్న అంచనా మాత్రమే. నీళ్లు వేడెక్కడం ఆలస్యమైనా, నురుగు ఎక్కువై మరోసారి జాడించవలసి వచ్చినా అంకె కదలకుండా ఉంటుంది. కాసేపు నిలిచినా తనంతట తానే ముందుకు సాగి ఉతుకు ముగిస్తే అది లోపం కాదు.

నీళ్లు నింపుతూ ఆగితే

వెనక నుంచి సన్నని రొద వినిపిస్తూ నీళ్లు రాకపోతే, నీళ్లను లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్‌కు కరెంటు అందుతోంది, నీళ్లు మాత్రం అందడం లేదు. కుళాయి తెరిచి ఉందో లేదో చూడండి. తర్వాత ప్లగ్ తీసి, కుళాయి కట్టి, గొట్టం విప్పండి. వాల్వ్ మూతి దగ్గర వేలి గోరంత జల్లెడ ఉంటుంది. దాన్ని చిన్న పట్టకారుతో మెల్లగా బయటికి లాగి, పాత టూత్ బ్రష్‌తో ఇసుకా తుప్పూ పోయేలా కడగండి. జల్లెడ లేకుండా మాత్రం గొట్టం బిగించకండి. ఒక్క ఇసుక రేణువు చాలు, వాల్వ్ పూర్తిగా మూసుకోక మెషిన్ ఆపి ఉన్నా నీళ్లు కారుతూనే ఉంటాయి.

జల్లెడ శుభ్రంగా ఉన్నా ధార సన్నగానే వస్తుంటే నీటి ఒత్తిడి చాలడం లేదు. చాలా మెషిన్లకు కనీసం 0.3 నుంచి 0.5 బార్ ఒత్తిడి కావాలి. 10 మీటర్ల ఎత్తు నీటికి సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. అంటే ట్యాంకులో నీటి మట్టం మెషిన్ కంటే కనీసం 3 మీటర్లయినా పైన ఉండాలన్న మాట. పై అంతస్తులో, ట్యాంకుకు సరిగ్గా కింద ఉన్న మెషిన్లు తరచూ నింపే దశలోనే ఆగిపోవడానికి కారణం ఇదే. వాల్వ్ మార్చినంత మాత్రాన ఈ లోటు తీరదు.

మరోటి ఉంది. నీళ్లు జోరుగా వస్తుంటాయి, కానీ టబ్బు నిండదు. ముందు తలుపు ఉన్న మెషిన్ అయితే డ్రెయిన్ గొట్టం చివర ఎక్కడుందో చూడండి. అది నేల మీద పడి ఉన్నా, గోడ పైపులోకి మరీ లోతుగా దిగి నీళ్లలో మునిగి ఉన్నా, వచ్చిన నీళ్లు వచ్చినట్టే వాటంతట అవే బయటికి లాగబడతాయి. ఇలాంటి మెషిన్లకు గొట్టం చివర నేల నుంచి సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, దాని చుట్టూ గాలి ఆడే సందు ఉండాలి.

నీళ్లు బయటికి పోకపోతే

మధ్యలో ఆగిన మెషిన్లలో నేను మొదట తెరిచి చూసేది పంపు ఫిల్టర్. ముందు భాగంలో కింద, చిన్న తలుపు వెనక ఉంటుంది. ప్లగ్ తీయండి. వేడినీళ్ల ఉతుకు అయితే నీళ్లు చల్లారేదాకా ఆగండి, తొందరపడితే చేయి కాలుతుంది. వెడల్పాటి పళ్లెం కింద పెట్టి, ఫిల్టర్ పక్కన సన్న గొట్టం ఉంటే దాని బిరడా తీసి నీళ్లు వదలండి. ఆ తర్వాత ఫిల్టర్‌ను కొద్దికొద్దిగా తిప్పండి. ఒక్కసారిగా విప్పేస్తే టబ్బులోని నీళ్లన్నీ నేల మీదికి వస్తాయి.

ఫిల్టర్‌లో దొరికేవి మీకు తెలిసినవే: నాణేలు, గుండీలు, పిన్నీసులు, పిల్లల మేజోళ్లు. చాలామంది వాటిని ఏరేసి మూత బిగించేస్తారు. అక్కడ ఆగవద్దు. టార్చిలైటు వేసి ఫిల్టర్ ఉన్న గూటి చివరికి చూడండి, చిన్న రెక్కల చక్రం కనిపిస్తుంది. పంపులో నీళ్లను తోసేది అదే. దాని ఇరుసు చుట్టూ వెంట్రుకలు, దారాలు బిగుతుగా చుట్టుకుని ఉండవచ్చు. వాటిని కత్తిరించి తీసి, చక్రాన్ని వేలితో తిప్పండి. అది సాఫీగా తిరగదు. కొంచెం కదిలి, పట్టుకుని, మళ్లీ తుళ్లి కదులుతుంది. చాలా పంపుల్లో లోపల శాశ్వత అయస్కాంతం ఉండడం వల్ల అలా తిరగడమే సరైన గుర్తు. అలాంటి పంపులో చక్రం ఏ పట్టూ లేకుండా గిర్రున తిరిగిందంటే ఇరుసు నుంచి ఊడిపోయిందని అర్థం. అప్పుడు పంపు మోగుతుంది, నీళ్లు మాత్రం కదలవు. అసలు కదలకపోతే రెక్కల మధ్య ఇంకా ఏదో ఇరుక్కుని ఉంది.

చక్రం బాగానే ఉంటే డ్రెయిన్ గొట్టం చివరను ఎప్పుడూ ఉండే ఎత్తులోనే పెట్టి, ఒక బకెట్‌లోకి వదిలి, స్పిన్ మాత్రమే నడపండి. నీళ్లు బలంగా వస్తే మెషిన్‌లో లోపం లేదు, గోడలోని పైపు పూడుకుపోయింది. సన్నగా వస్తే మెషిన్ వెనక గొట్టం ఎక్కడో నలిగి ఉంటుంది. మెషిన్‌ను గోడకు నెట్టినప్పుడల్లా ఇది జరిగే అవకాశం ఉంది.

పైమూత తెరిచే కొన్ని మెషిన్లలో పంపు ఉండదు. చిన్న మోటారు ఒకటి తీగను లాగి డ్రెయిన్ వాల్వ్‌ను తెరుస్తుంది, నీళ్లు కిందికి వాటంతట అవే పోతాయి. అలాంటి మెషిన్‌కు గొట్టం కిందికి వాలి ఉండాలి, ఎత్తుగా కడితే నీళ్లు పోవు. ఇందాక చెప్పిన 60 సెంటీమీటర్ల లెక్క వీటికి వర్తించదు.

టబ్బు ఖాళీగా ఉన్నా పంపు ఆగకపోతే

నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. ఎందుకంటే పాడైన వస్తువు ఒక్కటీ లేకుండానే మెషిన్ ఇలా ఆగవచ్చు. నీళ్లన్నీ పోయాయి, పంపు మాత్రం మోగుతూనే ఉంది, తర్వాతి మెట్టుకు వెళ్లడం లేదు. టబ్బులో నీళ్లు ఇంకా ఉన్నాయని మెషిన్ నమ్ముతోందన్న మాట. ఎందుకు నమ్ముతోంది?

టబ్బు అడుగున చిన్న గాలి గది ఉంటుంది. అక్కడి నుంచి సన్నని రబ్బరు గొట్టం పైకి వెళ్లి, మెషిన్ పైభాగంలో ఉన్న నీటిమట్టం సెన్సర్‌కు తగులుతుంది. గ్లాసును బోర్లించి నీళ్లలోకి నొక్కితే లోపలి గాలి ఎలా ఒత్తుకుపోతుందో, టబ్బు నిండుతున్న కొద్దీ ఆ గొట్టంలోని గాలి అలాగే ఒత్తుకుంటుంది. సెన్సర్‌కు తెలిసేది ఆ గాలి ఒత్తిడే, నీళ్లు ఎన్నడూ దానిదాకా రావు. గాలి గది మూతికి సబ్బు జిడ్డు అడ్డుపడితే, నీళ్లు పోయినా గొట్టంలో ఒత్తిడి మిగిలిపోతుంది. టబ్బు నిండుగా ఉందనే కబురే బోర్డుకు వెళ్తుంటుంది. గొట్టానికి చిల్లు పడితే ఇందుకు పూర్తిగా వ్యతిరేకం: ఎన్ని నీళ్లు వచ్చినా చాలలేదనే అనుకుంటుంది.

చూడడం కష్టం కాదు. ప్లగ్ తీసి, కుళాయి కట్టండి. కరెంటు తీసినా బోర్డు మీది కెపాసిటర్లలో, అంటే కరెంటు నిలవచేసే భాగాల్లో, కొంతసేపు ఛార్జి నిలిచి ఉంటుంది, కాబట్టి బోర్డు జోలికి వెళ్లకండి. చాలా మెషిన్లలో వెనక వైపు స్క్రూలు విప్పితే పై పలక వెనక్కి జరిగి ఊడి వస్తుంది. సన్న గొట్టం వెంట చూపు పోనిస్తే సెన్సర్ దొరుకుతుంది. గొట్టాన్ని సెన్సర్ నుంచి ఊడదీసి, టబ్బు వైపుకు మెల్లగా ఊదండి. గాలి సాఫీగా పోవాలి. అడ్డు తగిలి ఒక్కసారిగా వదిలినట్టనిపిస్తే దొరికిందన్న మాటే, కాస్త గోరువెచ్చని నీళ్లు పోసి మళ్లీ ఊదండి. సెన్సర్ లోపలికి మాత్రం గట్టిగా ఊదవద్దు, అందులోని పల్చని పొర చినుగుతుంది. గొట్టం ఇనుప గోడకు రాసుకునే చోట్ల వేలితో తడిమి అరుగుదల చూడండి. లోపల నీటి చుక్కలుంటే దులపండి.

తిరిగి తగిలించేటప్పుడు టబ్బు ఖాళీగా ఉండాలి. నీళ్లుండగా తగిలిస్తే, ఉన్న నీటి మట్టాన్నే ఖాళీగా లెక్కవేసుకుంటుంది, ఆ తర్వాత కొలతలన్నీ తప్పుతాయి. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఈ ఒక్కటి మరిచిపోతుంటారు.

పిండే ముందు ఆగితే

బట్టలు పిండే ముందు డ్రమ్ము నిమిషానికి సుమారు 80 నుంచి 100 చుట్లు తిరిగి, బట్టలను గోడకు సమంగా పరచాలని చూస్తుంది. వేగం ఒడుదొడుకులుగా ఉంటే బరువు ఒక పక్కనే ఉందని గ్రహించి ఆగుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒంటరిగా వేసిన మందపాటి దుప్పటితో ఇది తరచూ జరుగుతుంది. దానికి తోడు మరో రెండు తువ్వాళ్లు వేయండి, లేదా దులిపి మళ్లీ పరచండి. అన్ని రకాల బట్టలతోనూ ఇలాగే అయితే మెషిన్ నాలుగు కాళ్లూ నేలకు ఆనుతున్నాయో లేదో మూలలు నొక్కి చూడండి. ముందు తలుపు మెషిన్ అయితే డ్రమ్మును చేత్తో కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకోవాలి. నాలుగైదుసార్లు ఊగితే కుదుపు ఆపే డాంపర్లు అరిగాయి.

గాజు తలుపు నిండా నురుగు కనిపిస్తే బరువు మాటే లేదు. పంపు నురుగును తోయలేదు. చేత్తో ఉతికేందుకు తయారుచేసిన పొడి ముందు తలుపు మెషిన్‌లో విపరీతంగా నురుగు చేస్తుంది. డిటర్జెంట్ లేకుండా రెండుసార్లు జాడించండి, తర్వాతి ఉతుకుకు సగమే వేయండి.

వేడి ప్రోగ్రాంలో మాత్రమే ఆగుతోందా? అవే బట్టలను చన్నీళ్ల ప్రోగ్రాంలో వేసి చూడండి. అది పూర్తయితే అనుమానం హీటరు మీదికీ వేడి సెన్సర్ మీదికీ చేరుతుంది. నీళ్లుండి, రొద వస్తూ, డ్రమ్ము మాత్రం తిరగకపోతే బెల్టు జారడమో, కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు) ఉన్న మోటారైతే అవి అరగడమో అయి ఉండాలి. తలుపు తాళం నుంచి టక్‌టక్‌మని శబ్దం మళ్లీమళ్లీ వస్తుంటే తాళం నాలుక దగ్గర దారాలు, మురికి తుడవండి. మూత స్విచ్‌నో తాళాన్నో తప్పించి నడిపే ఉపాయం ఎవరైనా చెబితే దయచేసి వినకండి. పిండే వేగంలో ఉన్న డ్రమ్ము చేయి పట్టిందంటే లాక్కునే వ్యవధి ఉండదు.

ఈ వారం అభ్యాసం: మెషిన్ బాగున్నా సరే, ఒక పూర్తి ఉతుకు పక్కన కూర్చుని నింపడం, ఉతకడం, జాడించడం, పిండడం దశల్లో వినిపించే శబ్దాలను వరసగా రాయండి, ప్రతి దశ ఎంతసేపు పట్టిందో పక్కన వేయండి. రేపు ఆగినప్పుడు ఎక్కడ ఆగిందో పోల్చుకోవడానికి ఆ కాగితమే ఆధారం. తర్వాత ఫిల్టర్ ఒకసారి విప్పి, చక్రాన్ని వేలితో తిప్పి, ఆ తుళ్లును చేతికి అలవాటు చేసుకోండి.

5వ పాఠంలో వోల్టులు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్ పడతాం. 230 వోల్టుల మీద 2000 వాట్ల హీటరు సుమారు 26 ఓమ్‌లు చూపాలని ఎలా లెక్క కట్టాలో, వాల్వ్, పంపు చుట్టలను ఎలా కొలవాలో అక్కడ చూద్దాం. మీ మెషిన్ హీటరు ఎన్ని వాట్లదో వెనక అతికించిన చీటీ చూసి రాసి పెట్టుకోండి.