వానాకాలానికి ముందు పాత కారుకు చేయించవలసిన పనులు

కారుతో పాటు వచ్చిన మాన్యువల్‌లోని సర్వీసింగ్ పట్టికను జాగ్రత్తగా చదివితే, దాదాపు ప్రతి పనికీ రెండు గడువులు కనబడతాయి. ఇన్ని కిలోమీటర్లకు ఒకసారి, లేదా ఇన్ని నెలలకు ఒకసారి, వాటిలో ఏది ముందు వస్తే అప్పుడు ఆ పని చేయించాలి. కొత్త కారు రోజూ తిరుగుతుంది కనుక దానికి కిలోమీటర్ల గడువే ముందు వస్తుంది. పదేళ్లు దాటిన కారు చాలా ఇళ్లలో తక్కువ తిరుగుతుంది, మీటరు నెమ్మదిగా కదులుతుంది, అందువల్ల సర్వీసింగ్‌కు ఇంకా సమయం ఉందన్న భ్రమ కలుగుతుంది. నెలల గడువు మాత్రం ఎవరూ గమనించకుండానే దాటిపోతుంది. రబ్బరు గొట్టాలు, బెల్టులు, టైర్లు, బ్రేక్ ఆయిల్, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్, బ్యాటరీ, ఇవన్నీ కారు షెడ్డులో కదలకుండా ఉన్నా పాతబడుతూనే ఉంటాయి. కనుక వానలకు కనీసం ఒక నెల ముందే మాన్యువల్ తీసి, కిలోమీటర్ల గడిని పక్కన పెట్టి నెలల గడిని చూసుకోవాలి. ఆ నెల వ్యవధి అవసరం, ఎందుకంటే పాత మోడల్‌కు కావలసిన విడిభాగం అడిగిన రోజే దొరకకపోవచ్చు.

ఈ పాఠం నాకు నా కారే నేర్పింది. రేడియేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే పై గొట్టం బయటికి నల్లగా, నునుపుగా, కొత్తదానిలాగే ఉండేది. ఒకసారి ఇంజన్ పూర్తిగా చల్లారాక దాన్ని చేత్తో గట్టిగా నొక్కితే లోపల ఏదో పొడిగా చిట్లిన శబ్దం వచ్చింది. క్లిప్పు కింద వేలు పెట్టి చూస్తే, కారిన కూలెంట్ ఎండిపోయి పచ్చటి పొడిలా పేరుకుని ఉంది. విప్పి చూసినప్పుడు ఆ గొట్టం లోపలి పొర నిలువునా పగిలి ఉంది. అది దారిలో తెగి ఉంటే కూలెంట్ అంతా పోయి, ఇంజన్ వేడెక్కి, దాని పై భాగమైన హెడ్ వంకరపోయే వరకూ నాకు తెలిసేది కాదు. అప్పటి నుంచి ప్రతి ఏడాదీ ప్రతి గొట్టాన్నీ చేత్తో నొక్కి చూస్తాను. మరీ గట్టిపడినా, మెత్తబడి ఉబ్బినా, క్లిప్పు దగ్గర పొడి కనబడినా మార్పిస్తాను.

వానల ముందు అన్నిటికన్నా ముందుగా చూడవలసింది బ్రేకులనే అని నా నమ్మకం, వాటిలోనూ ఎక్కువమంది మరచిపోయేది బ్రేక్ ఆయిల్. ఇది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. తేమ చేరిన కొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత తగ్గిపోతుంది. డబ్బా మీద డాట్ (DOT) 4 అని రాసి ఉండే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, కానీ అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 3 రకానికి ఈ అంకెలు 205, 140. పొడవైన దిగుడు దారిలో బ్రేకులు బాగా వేడెక్కినప్పుడు ఆ ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే, ద్రవం ఒత్తిడిని మోస్తుంది కానీ ఆవిరి మోయదు కనుక పెడల్ నేల దాకా దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు. చేరిన తేమ వల్ల బ్రేక్ సిలిండర్ల లోపల తుప్పు కూడా పడుతుంది. అందుకే మాన్యువల్ వేరే గడువు చెప్పకపోతే రెండేళ్లకు ఒకసారి మొత్తం ద్రవాన్ని మార్పించాలి. ట్యాంకులో తగ్గినంత కలిపించి ఊరుకోవడం మార్చినట్టు కాదు. మూత తీసి చాలాకాలమైన డబ్బాలో మిగిలిన ద్రవాన్ని మళ్ళీ వాడకూడదు. డాట్ 5 అనే సిలికాన్ రకాన్ని డాట్ 3తో గాని డాట్ 4తో గాని ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. ఆ పని చేయించేటప్పుడే బ్రేక్ ప్యాడ్లలో ఎంత మందం మిగిలిందో కొలిపించాలి, 3 మిల్లీమీటర్లకు చేరువైతే సీజన్ మధ్య దాకా ఆగకుండా మార్పించడం మేలు. చక్రాల దగ్గరున్న రబ్బరు బ్రేక్ గొట్టాలను స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి చూడండి, పగుళ్లు ఉంటే అప్పుడు స్పష్టంగా బయటపడతాయి.

టైర్ పక్కగోడ మీద కూడా DOT అన్న అక్షరాలతో మొదలయ్యే సంకేతం చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైన టైర్. తక్కువ తిరిగిన కారులో టైర్ గాడులు లోతుగానే ఉండవచ్చు, కానీ ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడి తడి రోడ్డును పట్టుకోలేదు. ఆరేళ్లు దాటిన టైర్లను ఏటా తెలిసినవారికి చూపించాలి, పదేళ్లు దాటినవాటిని గాడులు ఎంత ఉన్నా తీసేయాలి. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు, అయితే నీటిని పక్కకు నెట్టే శక్తి అంతకన్నా ముందే బాగా తగ్గిపోతుంది కనుక వానలకు ముందు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చుకోవాలని చెబుతాను. గాలిని టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవర్ తలుపు పక్కనున్న చీటీ మీద ఉంటుంది. స్టెప్నీ తేదీని కూడా చూడండి, చాలా పాత కార్లలో అది కారుతో పాటు వచ్చినదే అయి ఉంటుంది.

ఇంజన్‌లో పిస్టన్ల కదలికనూ వాల్వుల కదలికనూ జతపరిచే టైమింగ్ బెల్ట్ గురించి తప్పకుండా విచారించండి. కొన్ని ఇంజన్లలో దాని బదులు చైన్ ఉంటుంది, దానికి సాధారణంగా మార్పిడి గడువు ఉండదు. బెల్ట్ ఉన్న ఇంజన్లలో చాలావాటికి 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య గడువు ఉంటుంది, దానితో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది. చాలా ఇంజన్లలో బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి అవి వంగిపోతాయి. బెల్ట్ తెగే ముందు హెచ్చరిక ఇస్తుందని నమ్మకూడదు. వాటర్ పంపు కూడా ఆ బెల్ట్‌తోనే తిరిగే ఇంజన్ అయితే, బెల్ట్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్‌నూ పంపునూ అప్పుడే మార్పిస్తే అదంతా మళ్ళీ విప్పించే పని ఉండదు.

ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే జాలీని శుభ్రం చేయడం ఏ పట్టికలోనూ పెద్ద అక్షరాలతో ఉండదు, కానీ చెట్ల కింద నిలిపే కారుకు ఇది చాలా ముఖ్యం. ఒక వాన తర్వాత నా కారులో పక్క సీటు ముందు కార్పెట్ తడిసి ముద్దయితే తలుపు రబ్బరు పాడైందనుకున్నాను. జాలీ తీసి చూస్తే నీరు పోయే రంధ్రం దగ్గర కుళ్లిన ఆకులు గుప్పెడు ఉన్నాయి. పోవలసిన నీరు బ్లోవర్ గుండా కారులోకి వచ్చింది. ఆకులు తీసి ఒక చెంబుతో నీళ్లు పోసి, అవి ముందు చక్రం వెనుక నుంచి ధారగా కిందికి పడటం చూశాకే జాలీ బిగించాను. మీరూ అలాగే నీళ్లు పోసి చూడండి. తలుపుల అడుగు అంచున ఉండే రంధ్రాలు కూడా మూసుకుపోతే అక్కడ తుప్పు లోపలి నుంచి తింటుంది.

తక్కిన పనులు చిన్నవే. ఇంజన్ ఆయిల్ కిలోమీటర్లు పూర్తి కాకపోయినా ఏడాదికి ఒకసారి మార్పించాలి, ఎందుకంటే దగ్గరి దూరాలకే తిరిగే ఇంజన్ పూర్తిగా వేడెక్కక తేమ అందులోనే మిగిలిపోతుంది. ఆయిల్ మూత అడుగున తెల్లటి నురగ ఉండి, కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే ఇంజన్ హెడ్ కింద అతుకును మూసి ఉంచే హెడ్ గాస్కెట్‌ను పరీక్షింపజేయాలి. రాత్రంతా నిలిపి ఉంచిన కారు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2 ఉంటే దాదాపు సగమే నిండి ఉన్నట్టు. వానలో లైట్లు, వైపర్లు, బ్లోవర్ ఒకేసారి పనిచేస్తాయి కనుక ఇంజన్ ఆన్‌లో ఉంచి, అవన్నీ వేసి మళ్ళీ కొలవాలి. అప్పుడు 13 వోల్టులకు తగ్గితే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను చూపించాలి. వైపర్ రబ్బర్లను ఏటా మార్చండి.

ఈ తనిఖీలలో కొన్నిటిని మీరే చేసుకోదలచితే మూడు విషయాల్లో ఏ మాత్రం వెసులుబాటు ఇవ్వకండి. జాకీ ఒక్కదాని మీద నిలిచిన కారు కిందికి ఎప్పుడూ దూరకూడదు, బలమైన స్టాండ్లు పెట్టి చక్రాలకు అడ్డు వేసిన తర్వాతే వెళ్లాలి, అందులోనూ పాత కారుకు జాకీ పెట్టే చోట తుప్పు పట్టి ఉందేమో ముందుగా చూడాలి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదు, లోపలి నీరు ఒత్తిడిలో 100 డిగ్రీలు దాటి ఉండి మూత వదలగానే ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. మూసిన షెడ్డులో ఇంజన్ నడపకూడదు. ఇంకొక మాట, తీసిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం, కనుక పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందేలా వదలకండి.

చేయించిన ప్రతి పనినీ తేదీతోనూ మీటరు అంకెతోనూ ఒక నోటుబుక్కులో రాయండి. కారు మీరు ఇతరుల దగ్గర కొన్నదై, ఏ పని ఎప్పుడు జరిగిందో రాతపూర్వకంగా లేకపోతే ఆ పని జరగలేదనే భావించి మొదలుపెట్టండి. సర్వీసింగ్ అయ్యాక కొంత దూరం తిప్పి, రాత్రికి ఇంజన్ కింద ఒక పెద్ద అట్ట పరచి, ఉదయం దాని మీద చుక్కలు చూడండి. ఏసీ వేసి తిరిగి ఉంటే పడే శుభ్రమైన నీటి చుక్కల వల్ల భయం లేదు. గోధుమ, నలుపు రంగు జిడ్డు ఇంజన్ ఆయిల్ కావచ్చు. రంగున్న నీళ్లలాంటివి కూలెంట్. చక్రాల దగ్గర ఏ తడి కనబడినా బ్రేకులు చూపించేదాకా కారు బయటికి తీయకండి.

ఇంత చేసినా నిలిచిన నీటిలోకి కారును దింపకపోవడమే మంచిది. ఒకవేళ నీటి మధ్యలో ఇంజన్ ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకండి. గాలి లోపలికి వెళ్లే దారిలో నీరు సిలిండర్లలో చేరి ఉంటే, నీరు నొక్కినా కుదించుకోదు కనుక పిస్టన్లను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ముందు మనుషులు బయటపడి, తర్వాత కారును లాగించి, ఆయిల్‌లో నీరు కలిసిందేమో మెకానిక్ చూసిన తర్వాతే తాళం తిప్పాలి. ఆగకుండా నీటిని దాటగలిగితే, కొంత దూరం నెమ్మదిగా పోతూ బ్రేకును తేలికగా నొక్కుతూ ఆరనిచ్చి, అవి ముందులా పట్టుకుంటున్నాయని తేలాకే వేగం పెంచాలి. ఆ వారంలోనే గేర్ ఆయిల్‌ను కూడా తనిఖీ చేయించండి.